పన్నెండు చలికాలాలు

మర్రిపాడు పక్క పల్లెలో దేవకమ్మ పొద్దున టీ గ్లాసు చేతికి తీసుకుందంటే, చుట్టుపక్కల ఆడవాళ్ళు దండేల మీది బట్టలు లోపలికి తీసుకుంటారు. ఆమె ఏది నోట్లో పెట్టుకుంటే అది పుట్టిన చోటి వాతావరణం ఆమె వాకిట్లోకి దిగుతుంది. టీపొడి నీలగిరిది కాబట్టి రోజూ ఆరున్నరకి కాసేపు పొగమంచు కమ్ముకుంటుంది. ఒకసారి లారీ డ్రైవరెవరో కాశ్మీరు ఆపిల్ ఇస్తే, ఆమె మందలో గొర్రెలన్నిటికీ జలుబు చేసింది. అప్పట్నించి బయటి సరుకు తినేముందు ఆమె నాలుగిళ్ళకి వినపడేట్టు కేకేసి చెబుతుంది.

నిరోషకి ఆ దేవకమ్మ గుర్తొచ్చింది, ఆత్మకూరులో తన ఇంట్లో ఖాళీ కాగితం ముందు కూర్చుని ఉన్నప్పుడు.

నిరోష ఫుడ్ టెక్నాలజీ చదివింది. బెంగుళూరులో ఒక విస్కీ కంపెనీ వాళ్ళు రుచి చూసే ఉద్యోగానికి పిలిస్తే రెండు పరీక్షలు దాటింది. మూడోదానికి చిన్న సీసా ఒకటి ఇచ్చి పంపారు. స్కాట్లండులో పద్దెనిమిదేళ్ళు చెక్క పీపాలో నిలవున్న సింగిల్ మాల్ట్ విస్కీ అని దానిమీద చీటీ ఉంది. దాని గుణం నీ మాటల్లో రాసి వారంలో పంపమన్నారు. అయిదు రోజులు వాసన చూసింది. రాసినవన్నీ ఇంటర్నెట్లో ఎవరో రాసిన మాటలే. హెదర్ పూల పరిమళం అని రాసి, ఆ పువ్వెట్లుంటుందో తెలీక కొట్టేసింది.

తల్లి ప్రమీలమ్మ ఆ సీసాని గడప దాటనివ్వలేదు. బయట చెప్పుల పక్కన పెట్టించింది.

"సారా ఉద్యమంలో ప్యాకెట్లకి నిప్పు పెట్టిన చేతులివి. జలదంకిలో ఎవుర్నైనా అడుగు. నా కూతురు మందు వాసన చూసి మార్కులేసేదా?"

"తాగడం కాదమ్మా, పరీక్ష చేయడం."

"దొంగతనం కాదు, తాళం గట్టిదా కాదా అని చూసినానన్నట్టుండాది."

అయినా నిరోష మర్రిపాడు బస్సుకి బయల్దేరుతుంటే తనూ చీర మార్చుకుంది. "ఆ సీసాతో ఒక్కదానివే పోతావా? పద."

సంగతంతా విని దేవకమ్మ నవ్వింది. "ఏటా ఎరువుకని మీ చేలోనే గదా నా మంద కట్టేది, నీకు కాదంటానా పాపా. అయితే మింగను. నాలిక్కి తాకిస్తానంతే." లేచి వీధిలోకి కేకేసింది. బట్టలు, మిరపకాయలు లోపలికి పోయాయి.

నిరోష గ్లాసులో కొంచెం పోసి నాలుగు చుక్కల నీళ్ళు కలిపింది.

"నీళ్ళెందుకు?" అడగకుండా ఉండలేకపోయింది ప్రమీలమ్మ.

"వాసన విచ్చుకుంటుందమ్మా."

ప్రమీలమ్మ మూతి తిప్పింది. కానీ కూర్చున్న పీట కొంచెం ముందుకి జరుపుకుంది.

దేవకమ్మ చూపుడువేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆరిపోయింది. సన్నటి జల్లు మొదలైంది. గాలిలో ఉప్పు తగిలింది. ఎక్కడో తడిమట్టి కాలుతున్న పొగ. గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. నిరోష ముక్కు పైకెత్తి వాకిలంతా తిరుగుతూ రాసుకుంది. వానలో తడిసిన గొంగడి పొయ్యి పక్కన ఆరేసినట్టు. పాత చింతపండు కుండ మూత తీసినట్టు. ఆ మాటలు ఇంకెవరివీ కావు.

చలి ఎముకల్లోకి దిగింది. తర్వాత నీరెండ కాసేపు. మళ్ళీ చలి. "రెండోది," అంది ప్రమీలమ్మ. ఆమెని ఎవరూ అడగలేదు. కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని, పీపాలో గడిచిన ఏడాదికొక చలికాలమని వేళ్ళ కణుపులు లెక్కపెడుతోంది.

పన్నెండో చలికాలం తర్వాత జల్లు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ సరుకైతే ఇంకో ఆరు రావాలి. రాలేదు. ఉక్కగా, జిగటగా ఒక గాలి వీచింది. మాడిన తీపి వాసన.

"కాల్చిన చక్కెర అని రాసుకోనా?"

ప్రమీలమ్మ లేచి నిలబడింది. "రాయబాక. అది చెరుకు మడ్డి. మావూరి సారా కొట్టు ముందు రోజూ ఇదే వాసన. ముప్పయ్యేళ్ళయినా నా ముక్కు మర్చిపోతుందా? పన్నెండేళ్ళ సరుకులో మడ్డి సారా కలిపినారు."

దేవకమ్మ మజ్జిగతో నోరు పుక్కిలించింది. మర్రిపాడు ఎండ తిరిగొచ్చింది.

బస్సులో నిరోషకి గుబులు పట్టుకుంది. "ఉద్యోగం ఇచ్చేవాళ్ళతో మీ సీసా కల్తీదని ఎట్లా చెప్పేదమ్మా?"

"చెప్పకుండా ఎట్లా ఉంటావు?"

"నువ్వు అసలు ఈ ఉద్యోగమే వద్దన్నావు గదా."

"అది వేరే. మోసం మోసమే."

నిరోష ఉన్నదున్నట్టు రాసి పంపింది. నాలుగో రోజు బెంగుళూరు నించి ఫోనొచ్చింది. రుచి చూసే గదికి పెద్ద, అంకారావు అట.

"పదిహేడు మందికి మేమే కలిపి ఇచ్చామమ్మా. పదహారు మంది పద్దెనిమిదేళ్ళ నునుపు అని పొగిడారు. నీకెట్లా తెలిసింది?"

నిరోష అబద్ధమాడలేకపోయింది. "చలికాలాలు దేవకమ్మవ్వ వాకిట్లో లెక్కపెట్టినాము సార్. మడ్డి మాత్రం మా అమ్మ పట్టింది."

"వాకిట్లో అయితే లెక్క తప్పదులే. నువ్వు ఒకటో తారీఖున చేరు. కల్తీ పట్టే మనిషి కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాం. అమ్మగారు వస్తారా?"

స్పీకరులో విన్న ప్రమీలమ్మ గోడ వైపు తిరిగింది. చివరికి ఫోను దగ్గరికి వంగింది.

"అయ్యా, మింగాల్నా?"

"అక్కర్లేదమ్మా. నాలిక్కి తాకించి ఉమ్మేయాలి."

"ఉమ్మొచ్చా?"

"ఉమ్మి తీరాలి."

ఒకటో తారీఖున, నేత చీర మీద తెల్లకోటు తొడుక్కుని, కోట్లు వేసుకున్న పెద్దమనుషుల మధ్య ప్రమీలమ్మ కూర్చుంది. మొదటి గ్లాసు వాసన చూసింది. ఒక్క చుక్క నాలిక్కి తాకించుకుంది. స్టీలు గిన్నె ఖంగుమనేట్టు ఉమ్మింది.

"కల్తీ," అంది. "ఇంకోటి తెండి."