ఐదు విమానాలు

మా మోటారు వైండింగ్ షాపులో వార్నిష్ డబ్బాల పక్కన నిలువెత్తు ఆటపెట్టె ఒకటి ఉంది. కాలిపోయిన మోటారు మోసుకొచ్చిన రైతు దాన్ని చూసి మొదట ఫ్రిజ్ అనుకుంటాడు. తర్వాత తెర మీద ఎర్రపురుగుల బారు దిగుతుంటే, కింద ఒక తెల్ల విమానం అటూ ఇటూ జరుగుతూ వాటిని కాలుస్తుంటే, వచ్చిన పని మరిచి నిలబడిపోతాడు. పంతొమ్మిదో ఏట నేనూ అలాగే నిలబడ్డాను. ఇప్పుడు నాకు అరవై రెండు. ఇంకా నిలబడే ఉన్నాను.

ఆ రోజు రాగి తీగ కొనడానికి టౌనుకి వెళ్ళాను. బస్సుకి రెండు గంటల టైముంది. బస్టాండు పక్కన వీడియో గేమ్స్ షాపు, అందులో ఏడు పెట్టెలు. మిట్టమధ్యాహ్నం కావడంతో ఎవరూ లేరు. టోకెన్లిచ్చే పిల్ల, షాపు ఓనరు చెల్లెలు, చివరి పెట్టె దగ్గర ఒక్కతే ఆడుతోంది. మణికట్టు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలడం లేదు. నేను వెనక నిలబడి చూశాను. ఆడేవాళ్ళందరూ తమ విమానాన్ని చూసుకుంటారు. ఆ పిల్ల చూపు మాత్రం తెర పైభాగం మీదే ఉంది.

తర్వాత నేను ఆడి, నిమిషంలో చచ్చాను. ఆవిడ నాతో అన్న మొదటి మాట ఇది: "నీ విమానం నీ చేతిలోనే ఉంది కదా, దాన్ని చూస్తావేంటి? తూటా ఎక్కణ్ణుంచి వస్తుందో అది చూడు."

రెండు బస్సులు పోయాయి. ఆ తర్వాత వారం వారం మా షాపులో తీగ అయిపోయేది. "తీగ చుడుతున్నావా, తింటున్నావా?" అని మా మేస్త్రి అడిగాడు. మూడో ఏడు మాకు పెళ్ళయింది.

కొన్నేళ్ళకి గేమ్స్ షాపు మూతపడింది. మా బావమరిది ఆరు పెట్టెలు అమ్మేశాడు. ఏడోది ఆవిడ ఆడిన ఆ చివరి పెట్టె. దాని అడుగు చెద తినేసింది, ఎవరూ కొనలేదు. దాన్ని బండి మీద మా షాపుకి తోలాడు. "బావా, దీన్ని అప్పుడే మా చెల్లెలితో పాటు పంపాల్సింది. లేటయింది" అన్నాడు. మోటార్లొచ్చే చెక్కపెట్టె విడగొట్టి దానికి కొత్త అడుగు వేశాను. బటన్లలో స్ప్రింగులు పోతే రాసే పెన్నుల్లోవి తీసి పెట్టాను. తెర వణికినప్పుడల్లా బోర్డు విప్పి సోల్డరింగ్ చేశాను. దాన్ని ఇన్నేళ్ళు బతికించింది నేనే అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఎవరు ఎవర్ని బతికించారో చెప్పడం కష్టం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చెరో ఆట. అది మా అలవాటు. మామూలుగా నన్ను 'ఏమండీ' అనే మనిషి, ఆటలో దిగితే 'ఒరేయ్' అంటుంది. "ఒరేయ్ మొద్దూ, కుడివైపు! కుడంటే అన్నం తినే చెయ్యి!" బెంచీ మీద కూర్చున్న రైతులు నవ్వాపుకోలేక బయటికి పోయేవారు. నాకు మాత్రం అదొక బిరుదులా ఉండేది.

రెండేళ్ళ కిందట ఒకటి గమనించాను. మా ఆవిడ పెద్ద ఎర్ర తూటాల్ని తప్పించుకుంటోంది, చిన్న తెల్లవి తగులుతున్నాయి. నాతో పాటు షాపులో తీగ చుట్టే పనిలో తేడా లేదు. మోటారు లోపలి స్టేటరు గాళ్ళలో తీగ వెయ్యడానికి ఆవిడ వేళ్ళే చాలు, కళ్ళతో పని లేదు. "పెట్టె ముసల్దయింది, తెర మసకేసింది" అంది. గుడ్డతో తుడిచాను. మర్నాడూ తుడిచాను. తెర బాగానే ఉంది.

ఒకరోజు ఆటకిచ్చే మూడు విమానాలూ నిమిషంలో పోయాయి. ఆవిడ స్టిక్కు వదిలేసి, "ఇక చాలండీ. రేపట్నుంచి మీరే ఆడుకోండి" అంది.

ఆట దగ్గర 'అండీ' అనడం అదే మొదలు. నాకు భయమేసింది.

ఆవిడ నడుం వాల్చాక పెట్టె వెనక తలుపు తీశాను. లోపల బోర్డు మీద బియ్యపుగింజంత స్విచ్చులు ఎనిమిదుంటాయి. ఆటకి ఎన్ని విమానాలివ్వాలో, తూటాలు ఎంత జోరుగా రావాలో అవే చెబుతాయి. మూడు విమానాల్ని ఐదు చేశాను. తూటాల జోరు తగ్గించాను.

మర్నాడు బతిమాలి నిలబెట్టాను. చాలాసేపు ఆడింది. "చూశావుట్రా? నిన్న నీరసంగా ఉండి పోయాయి, అంతే!"

"ఊ" అన్నాను.

నా 'ఊ' చాలా పనులు చేస్తుంది. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. ఏడాదిన్నర అలాగే గడిచింది. ఆవిడ గెలుస్తుంటే నాకు బాగుండేది. ఒకరోజు స్టేటరు మీద పొయ్యాల్సిన వార్నిష్‌ని పక్కనున్న బల్ల మీద పోసింది. పోస్తూనే ఉంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తెలియలేదు. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

కళ్ళ డాక్టరమ్మ లైటు వేసి చూసి, "శుక్లాలు బాగా ముదిరిపోయాయి. ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నారు?" అంది.

"కనిపిస్తూనే ఉంది డాక్టరమ్మా. రోజూ ఆట బాగానే ఆడుతున్నాగా" అంది మా ఆవిడ.

నేను నేల చూశాను. ఆ గదిలో నేల మీద తెల్ల పలకలు. ఒకటి మూల విరిగి ఉంది.

"శుక్లం అడ్డముంది కాబట్టి వెనకాల పొర ఎలా ఉందో నాకు కనపడదు. ముందు ఒక కంటికి చేద్దాం. ఎంత చూపొస్తుందో తీశాకే తెలుస్తుంది. మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

ఆపరేషనయింది. మర్నాడు కట్టు విప్పితే అంతా నీళ్ళూ మసకా. "తొందరపడొద్దు, కొన్నాళ్ళు ఆగండి" అన్నారు. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఎలా ఉందని నేనడగలేదు. ఎలా ఉందో తను చెప్పలేదు. చుక్కల మందు వేసేటప్పుడు ఆ కన్ను నా వైపే ఉండేది. అందులో నేనున్నానో లేనో తెలిసేది కాదు. చూపు రాకపోతే దానికి కారణం ఆ రెండు స్విచ్చులే. లోకంలో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు.

పదోరోజు మధ్యాహ్నం తనే షాపులోకి వచ్చింది. "పెట్టె వెయ్యండి" అంది.

వేశాను. పాత పిక్చర్ ట్యూబు కదా, వెలగడానికి టైం తీసుకుంటుంది. ఆవిడ అద్దాలు తీసి నా చేతికిచ్చి, ఆపరేషన్ కాని కంటిని అరచేత్తో మూసుకుంది. ఆట మొదలెట్టే బటన్ నేనే నొక్కాను. పురుగుల బారు దిగడం మొదలైంది. ఆవిడ స్టిక్కు ముట్టుకోలేదు. నేను తెర చూడలేదు, ఆవిడ కన్ను చూస్తున్నాను. అది పైకి పోతుందేమో అనుకున్నాను. కిందికి పోయింది. ఎడమ మూలకి పోయి ఆగింది.

"ఏమండీ."

"ఊ."

"ఇవి నాలుగున్నాయేంటి? ఆడేదాంతో కలిపి ఐదు. మూడు కదా ఉండాలి?"

మిగిలిన విమానాలు ఆ మూలన బొమ్మలుగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి కందిబద్దంత. పోయినవాటిని ఆవిడ లెక్కపెట్టదు, మిగిలినవి ఈ బొమ్మల్లోనే చూసుకునేది. ఏడాదిన్నరగా ఆవిడకి కనపడలేదు కాబట్టి నా దొంగతనం దాగింది. స్విచ్చులు వెనక్కి తిప్పాలన్న ఆలోచనే ఈ పదిరోజుల భయంలో నాకు రాలేదు.

వైండింగ్ స్టూలు మీద కూలబడ్డాను. "కనిపిస్తున్నాయా? నాలుగూ?"

"నాలుగు కాకపోతే నలభయ్యా? దాని రెక్క మీద గీత కూడా కనిపిస్తోంది. మాట మార్చకండి. ఎప్పట్నుంచి?"

చెప్పాను. మొత్తం చెప్పాను. అన్ని మాటలు నేను ఒక్కసారిగా పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

"ఏడాదిన్నరా! నేనేదో పెద్ద మొనగత్తెనని మురిసిపోతుంటే, వెనకనుంచి మీరు గోరుముద్దలు పెడుతున్నారా?"

"నువ్వు మానేస్తానన్నావు."

"మానేస్తే మానేసేదాన్ని! ఎందుకు మానేశానో తెలుసుకోడానికైనా అప్పుడే డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళం కదా?"

నిజమే. "తప్పు నాదే. ఆ కన్ను రాకపోయుంటే..." అన్నాను.

ఆవిడ తెర వదిలి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"మీ గడ్డం తెల్లబడిందేంటి?"

"చాన్నాళ్ళయింది."

"చెప్పలేదే?"

"అడగలేదుగా."

నవ్వింది. కోపం పోలేదు, నవ్వు మాత్రం ఆగలేదు. "లేవండి. తలుపు తియ్యండి" అంది. వెనక తలుపు తీశాను. తను వంగబోతే పట్టుకున్నాను. "వంగొద్దంది డాక్టరమ్మ."

"అయితే మీరు వంగండి. నేను పైనుంచి చెబుతా."

టార్చి వేసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ నా భుజం మీదుగా చూస్తోంది. స్విచ్చుల పక్కన అచ్చేసిన అంకెలు నాకే సరిగా కనపడవు. గుర్తుమీద తిప్పుతుంటాను. ఏది ఏ స్విచ్చో ఆవిడకి గేమ్స్ షాపు రోజుల్నుంచీ తెలుసు.

"మూడోది కిందికి. అది నాలుగోదయ్యా మగడా, దాని ఎడమది! హా. ఇప్పుడు ఏడోది పైకి. ఇంక చెయ్యి తీసెయ్, ఇంకోటి ముట్టుకున్నావంటే ఊరుకోను."

పెట్టె ఆపి మళ్ళీ వేశాం. మూలన రెండే విమానాలు. తూటాలు పాత జోరుతో వచ్చాయి. మొదటి బారు దాటకముందే ఒకటి పోయింది. రెండోది ఇంకా తొందరగా పోయింది. మూడోది ఎడమ గోడకి ఒరిగి చచ్చింది. నలభై ఏళ్ళలో అంత తక్కువ స్కోరు నేనూ చెయ్యలేదు.

"చూశావా?" అంది మొహమంతా వెలిగిపోతూ. "మూడు తూటాలూ వస్తుంటే చూశాను! చెయ్యే అందుకోలేదు. కన్నొచ్చింది, చేతికి నేర్పుకుంటాలే."

ఆ డాక్టరమ్మకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మా బావమరిదికీ పెట్టాను. పెట్టె అడుగు తిని ఎవరూ కొనకుండా చేసిన చెదపురుగులక్కూడా పెట్టాను. వాటికి రెండు చేతులూ ఎత్తి పెట్టాలి.

ఇంకో ఆట మొదలెట్టింది. అప్పుడే ఒక రైతు చెమటలు కక్కుతూ కాలిన మోటారు గుమ్మంలో దించాడు. "అమ్మా, పైరు ఎండిపోతోంది. ఎప్పుడిస్తారు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "ఈ మూడూ చచ్చాక" అంది.

రైతు కంగారుగా నా మొహం చూశాడు. "ఎవరు అన్నా, ఆ ముగ్గురూ?"

బెంచీ మీద కాయితాలు పక్కకి జరిపాను. "కూర్చో. ఎంతోసేపు పట్టదులే" అన్నాను.

"ఒరేయ్, వినపడుతోంది!" అంది మా ఆవిడ.