సైలెన్సర్ మార్చిన రోజు

పొద్దున్నే అతను కారు బానెట్ ఎత్తి, ఆయిల్ గేజి పుల్లను బయటికి లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, లోపలికి దించి, మళ్ళీ లాగాడు. ఆయిల్ రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంది. చుక్కను వేలికి అంటించుకుని బొటనవేలితో రుద్ది చూశాడు. నల్లబడింది గాని జారుడు పోలేదు. ఇంకో నెల వాడుకోవచ్చు. అతను మాత్రం వచ్చేవారమే మార్పిస్తాడు. తర్వాత రేడియేటర్‌లో నీళ్ళు, బ్యాటరీ మీద తెల్లగా పేరుకున్న పొడి, నాలుగు టైర్లలో గాలి. ఫ్యాను బెల్టును రెండు వేళ్ళతో నొక్కి చూడటం చివర. అక్కడ మాత్రం వేళ్ళు కాస్త ఎక్కువసేపు ఆగుతాయి.

బజారులో అందరికీ అతను కాటాలాయన. కిరాణా కొట్లలో, గోదాముల్లో, పాత ఇనుము దుకాణాల్లో తూకం తప్పిన కాటాలను సరిచేయడం ముప్పై నాలుగేళ్ళుగా అతని పని. కొట్టుకు వెళ్తాడు, తూనికరాళ్ళు ఒక్కొక్కటీ పెట్టి చూస్తాడు, మర బిగిస్తాడు, వచ్చేస్తాడు. అతను వచ్చి వెళ్ళిన సంగతి ఒక్కోసారి యజమానికి కూడా గుర్తుండదు. కారు డిక్కీలో ఎప్పుడూ రెండు పెట్టెల తూనికరాళ్ళు ఉంటాయి. ఆ బరువుకు కారు వెనక కుంగిపోయి, మూతి పైకెత్తుకుని నడిచేది. అందుకే గట్టి స్ప్రింగులు వేయించాడు. ఆ తర్వాత మంచి బ్రేకులు, మునిమాపువేళ తిరుగు ప్రయాణానికి ఎక్కువ వెలుతురిచ్చే దీపాలు. కారుకు ఇరవై మూడేళ్ళు. అతని ఒంటి మీది చొక్కాకు ఎన్నేళ్ళో అతనికే తెలియదు.

రెండేళ్ళ క్రితం దాకా అతనికి కారు మీద ఇంత ధ్యాస లేదు. ఆగితే తోసేవాడు, కదిలితే ఎక్కేవాడు. అప్పటికే భార్యకు మతిమరుపు ముదిరింది. పొయ్యి మీద గిన్నె మరిచిపోవడంతో మొదలై, వీధి మరిచిపోయి, ఒకనాటి పొద్దున పక్కలో పడుకున్న మనిషిని చూసి "ఎవరు బాబూ మీరు?" అని భయంభయంగా అడిగేదాకా వచ్చింది. ఊరికి గంట దూరంలో, ఇలాంటివాళ్ళను చూసుకునే హోమ్‌లో చేర్పించక తప్పలేదు. ప్రతి సాయంత్రం ఐదింటికల్లా వెళ్ళి ఆమె దగ్గర కూర్చునేవాడు. చేరిన రెండో నెలలో దారిలో ఫ్యాను బెల్టు తెగింది. బండి ఈడ్పించుకుని, ఇంకో బండి ఎక్కి వెళ్ళేసరికి రెండు గంటలు ఆలస్యం. ఆ రెండు గంటలూ ఆమె కిటికీ ఊచలకు తల కొట్టుకుంటూ ఏడ్చిందట. నుదుటి మీద కట్టు చూశాక, పాడయ్యేదాకా ఏ సామానునూ కార్లో ఉంచకూడదని అతను తీర్మానించుకున్నాడు.

మనిషిని గుర్తుపట్టలేని ఆమె, కారు చప్పుడును మాత్రం గుర్తుపట్టేది. అందుకే సైలెన్సర్ ఒక్కటీ అతను మార్చలేదు. సైలెన్సర్‌కు తుప్పు పట్టి, కన్నాలు పడి, మూడుసార్లు అతుకులు వేసినా అది గొంతు పోయిన మనిషి అరిచినట్టు గరగరమనేది. కారు మలుపు తిరుగుతుండగానే మంచం మీద లేచి కూర్చుని, "మా ఆయనొచ్చారు" అనేదని హోమ్‌లోని ఆయా చెప్పేది. అతను గదిలోకి అడుగుపెట్టేసరికి ఆ సంతోషం ఇంకా ముఖాన ఉండేది. ఆ ఊపులోనే అతన్నీ భర్తగా ఒప్పుకునేది. ఒక అరగంట. ఒక్కోసారి ముప్పావుగంట.

ఆ అరగంట కోసమే మిగతా రోజంతా.

పదింటికి, సైలెన్సర్‌కు ఇంకో అతుకు వేయిద్దామని కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్ నలభై ఏళ్ళవాడు, నోటినిండా మాటలు. కారు కిందికి దూరి, ఎంతకీ మాట్లాడకపోయేసరికి అతను కూడా వంగి చూశాడు.

"బాబాయ్, తలనొప్పి వస్తోందా నీకు?" అని కింద నుంచే అడిగాడు మెకానిక్.

"అప్పుడప్పుడు."

"నిద్ర?"

మొన్న సిగ్నల్ దగ్గర కళ్ళు మూతలు పడి, వెనకవాళ్ళు హారన్లు కొడితే గాని మెలకువ రాకపోవడం గుర్తొచ్చింది.

మెకానిక్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "పొగంతా లోపలికే కొడుతోంది. ఇంకో వారం ఇలాగే తిరిగితే కారు బాగానే ఉంటుంది, నువ్వుండవు. కొత్త సైలెన్సర్ వేసేస్తా."

"ఈసారికి అతుకు వేయరా."

"అతుకు వేయాలన్నా కింద ఇనుమంటూ ఉండాలి కదా! అప్పడంలా ఉంది. రేపో మాపో నడిరోడ్డు మీద ఊడి పడుతుంది."

ఊడి పడుతుంది అన్న మాట దగ్గర అతను ఆగిపోయాడు. నడిరోడ్డు. ఆలస్యం. నుదుటి మీద కట్టు. మెల్లిగా అడిగాడు. "కొత్తది కూడా అలాగే మోగేట్టు చేయలేవా?"

మెకానిక్ పగలబడి నవ్వాడు. "నా సర్వీసులో ఈ మాట అడిగినవాడివి నువ్వొక్కడివే బాబాయ్! అందరూ చప్పుడు తగ్గించమంటారు." అతని ముఖం చూసి నవ్వు ఆపాడు. సంగతి విన్నాక మరింత మెల్లిగా అన్నాడు. "కన్నం పెట్టొచ్చు. పెడితే మళ్ళీ ఆ పొగే నీ నెత్తికెక్కుతుంది. నువ్వు దారిలో పడిపోతే పిన్నిని చూసేదెవరు? ఇవాళ్టికి కొత్తదానితో వెళ్ళు. పిన్ని మనిషిని చూసి గుర్తుపడుతుందేమో, ఎవరికి తెలుసు."

పని అవుతున్నంతసేపూ అతను పాత టైరు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆయా ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, కంగారు పడకండి. వదినగారు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. టీ మాత్రం రెండు గుక్కలు తాగారు. డాక్టరుగారు చూసి, గుండె బాగా నీరసించింది, దగ్గరివాళ్ళని రమ్మనండి అన్నారు. మీరు కాస్త పెందలాడే రండి."

"బండి విప్పి ఉంది తల్లీ. బిగించగానే బయల్దేరతాను, ఇంకో బండి వెతికేలోపు ఇదే అయిపోతుంది."

మూడున్నరకు కారు తయారైంది. స్టార్ట్ చేస్తే చేసినట్టే తెలియలేదు. ఆగిపోయిందనుకుని మళ్ళీ తాళం తిప్పాడు, లోపల పళ్ళు కొరికినట్టు శబ్దమైంది. రోడ్డు మీద ఇన్నేళ్ళూ వినబడనివన్నీ వినబడటం మొదలైంది. ఇండికేటర్ టిక్కుటిక్కుమనడం, డిక్కీలో తూనికరాళ్ళు ఒకదానికొకటి తగలడం, తన ఆయాసం. బండి వెన్నలా సాగిపోతోంది. ఇంత బాగా ఆ కారు ఎన్నడూ నడవలేదు. అతనికి ఏడుపొచ్చింది.

హోమ్ మలుపు దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. మెత్తటి గుర్రు తప్ప ఏమీ రాలేదు. గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఇంకోసారి, ఇంకోసారి కొట్టాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ పెద్దాయనా, లోపల రోగులున్నారని తెలీదా? రోజూ వచ్చేవారేగా!"

కింది అంతస్తులో చివరి కిటికీ వైపు చూశాడు. రోజూ ఈపాటికి తెర పక్కకు జరిగి ఒక చెయ్యి కనబడేది. తెర కదల్లేదు.

ఆమె దిండుకు ఆనుకుని, కిటికీ వైపు ముఖం పెట్టి పడుకుని ఉంది. ఒక్క రోజులోనే బుగ్గలు లోపలికి పోయాయి. అతను ఎప్పుడూ కూర్చునే కుర్చీని దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఏమోయ్, ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె తల తిప్పి చూసింది. చూపులో భయం లేదు, విసుగు లేదు. దారిలో ఎదురైన మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ కుర్చీ మా ఆయనదండీ," అంది. "వచ్చే వేళైంది. కాస్త లేవండి."

"నేనేనే. కారు బాగు చేయించాను, అందుకే చప్పుడు..."

"లేవండి బాబూ. ఆయన అలిసిపోయి వస్తారు." ఆయాసంతో ఛాతీ ఎగసింది.

అతను లేచాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయా కళ్ళు తుడుచుకుంటూ అతని మోచెయ్యి పట్టుకుంది. అతను వరండాలోకి వెళ్ళి మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"ఆ పాతది పారేశావా?"

"లేదు బాబాయ్, గోడ పక్కనే ఉంది. ఏమైంది?"

"నన్ను లేవమందిరా."

"రేపు షాపు తీయగానే తీసుకురా. దాన్నే తగిలిస్తా. పొగ సంగతి ఎలాగోలా చూద్దాం. ఒక్క రాత్రి ఓర్చుకో."

ఒక్క రాత్రే కదా అనుకుంటూ లోపలికొచ్చాడు. ఈసారి కుర్చీ జోలికి వెళ్ళలేదు. మంచం కాళ్ళవైపు నిలబడి, పరాయివాడిలా, మర్యాదగా అడిగాడు.

"మీవారు ఎప్పుడొస్తారమ్మా?"

ఆమె ముఖం తేటపడింది. "ఐదింటికండీ. ఒక్కరోజు కూడా తప్పరు. మీకు వినబడుతుంది చూడండి, మలుపులో ఉండగానే వినబడుతుంది. ఊరంతా లేచిపోయేలా ఉంటుంది ఆ కారు. అమ్మేయండీ అంటే వినరు."

"మంచివారేనా?"

"మాట తక్కువ," అంది ఆమె, అదే పెద్ద మెప్పు అయినట్టు.

బయట రోడ్డు మీద ఏదో బండి వెళ్ళింది. ఆమె చెయ్యెత్తి, మాట్లాడొద్దన్నట్టు సైగ చేసింది. మెడ కొద్దిగా సాచి, ఊపిరి బిగబట్టి వింది. బండి చప్పుడు దగ్గరైంది, గేటు దాటింది, దూరమైంది. ఎత్తిన చెయ్యి మెల్లిగా దుప్పటి మీదికి దిగింది. అతను ఆమె ఊపిరి వదలడం కోసం చూశాడు. ఆయా కూడా చూసింది. కాసేపటికి ఆయా వచ్చి, ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి, తెరిచే ఉన్న ఆమె కళ్ళు మూసింది.

అప్పుడు అతను కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరూ లేవమనలేదు.

డాక్టరు వచ్చి వెళ్ళాడు. అతను కాగితాల మీద చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. పక్క సర్దుతున్న ఆయా దిండు ఎత్తి, దాని కింద నుంచి ఒక కాగితపు పొట్లం తీసింది. అతని చేతిలో పెట్టడానికి కాసేపు తటపటాయించింది.

"టీతో ఇచ్చిన బిస్కెట్లలో రోజూ ఒకటి దాచేవారు అన్నయ్యగారూ. ఆయన ఆకలితో వస్తారు అనేవారు. మీరొచ్చాక ఆ సంగతే మరిచిపోయేవారు. చీమలు పడతాయని రాత్రిళ్ళు నేనే తీసి పారేసేదాన్ని. మీకు చెప్పి ఉండాల్సింది. ఇది ఇవాళ్టిది."

ఆమెను తీసుకెళ్ళే బండి ముందు కదిలింది. వెనకే అతను కారెక్కి, తాళం తిప్పి, పొట్లాన్ని పక్క సీటు మీద పెట్టాడు. కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా కారు గేటు దాటింది. మలుపులో కాగితం మడత విప్పుకుంది. లోపల గుండ్రటి బిస్కెట్టు ఒకటి ఉంది. ఒక పక్క మాత్రం కొద్దిగా, చిన్న పంటిగాటు మేర, కొరికి ఆపేసినట్టు ఉంది.