తుపాకీకి బొట్టు

మా బాబాకి ఏ సరదా పుట్టినా దాని చాకిరీ నా నెత్తినే పడుతుంది. కాగితాల మీద నేను ఇంటి డ్రైవర్ని, పేరు బుల్లిరాజు. నిజానికి తొమ్మిదేళ్ళుగా చేస్తున్నది ఈ అరబ్బు దేశంలో అర్దియా అనే పేటలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని, నలభై ఆరేళ్ళ మగవాడి ఆటబొమ్మలు బాగుచేయడం. బాబా అంటే మా కఫీల్, నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. ఇళ్ళలో పనిచేసేవాళ్ళం యజమానిని ఇక్కడ అలాగే పిలుస్తాం.

మొదట రిమోటు కార్లు. తీర్థంలో పిల్లలకి కొనిచ్చేవి అనుకునేరు. ఒక్కోటి మేకపిల్లంత ఉంటుంది, పెట్రోలుతో నడుస్తుంది, ఇసుక దిబ్బ మీంచి వదిలితే మనిషెత్తు లేస్తుంది. దాని నాలుగు టైర్ల ఖరీదుతో రావులపాలెంలో నా మోటారుసైకిలుకి ఈ జన్మకి సరిపడా టైర్లు వేయించుకోవచ్చు. పైనుండే ప్లాస్టిక్ డొప్పకి రంగు లోపలి నుంచి వెయ్యాలి. ముందు సన్నగీతలు, ఆ తర్వాత నిండు రంగు, అంతా తిరగేసిన వ్యవహారం. అది నేర్చుకోవడానికి రెండు డొప్పలు తగలేశాను. బాబా పల్లెత్తు మాట అనలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. చెయ్యెత్తే మనిషి కాదు, తిండికి వంక పెట్టే మనిషీ కాదు. నీ చేతిలో ఏదో ఉంది రాజూ అంటాడు. ఆ మెప్పుకి పొంగిపోయి తొమ్మిదేళ్ళు ఇక్కడే పడున్న వెర్రివెంగళప్పని నేను.

రిమోటు కార్ల తర్వాత ఇసుక బగ్గీలు వచ్చాయి. ఆ తర్వాత ఓ పాత అమెరికా కారు వచ్చింది. దాని సామాన్ల కోసం అల్ రాయ్‌లో నేను ఎక్కని దుకాణం లేదు. ఆ మోజు కూడా తీరాక తుపాకులు. బాబా స్నేహితులు ముగ్గురిదీ ఇదే వరస. ఒకడి దగ్గర ఏదైనా కనిపిస్తే మిగతావాళ్ళకి అది వచ్చేదాకా నిద్రపట్టదు. కొన్ని కొంటారు, కొన్ని ఒకరికొకరు మార్చుకుంటారు. లైసెన్సున్న వేట తుపాకులు రెండు ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి. మూడోది పాతది, నల్లబడిన చెక్క పిడిది, ఓ ఇంజనుకి బదులుగా స్నేహితుడిచ్చాడు. దానికి లైసెన్సు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇంకోటి కుదరదని మామా, అంటే బాబా భార్య, గొడవచేసింది. అందుకని బాబా దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి, షెడ్డు పక్కన నేను పడుకునే గదిలో, నా స్పానర్ల బీరువాలో పెట్టాడు. నాలుగు రోజులే అన్నాడు.

లైసెన్సు లేని తుపాకీతో దొరికితే జైలేనని ఇక్కడ అందరికీ తెలుసు. వద్దు బాబా అనాల్సింది, అనలేదు. నా పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. దానికి తోడు ఆ నెలే నాకో మాట ఇచ్చాడు.

ఆ మాట సంగతి చెబుతాను. మా ఆవిడ వెంకటదుర్గ అబూ హలీఫాలో ఓ ఇంట్లో పిల్లల్ని చూస్తుంది. ఒకే దేశంలో ఉండి, వారానికోసారి శుక్రవారం పూట సముద్రం ఒడ్డున రెండు గంటలు కలుసుకునే మొగుడూ పెళ్ళాలం మేము. తన గడువు నవంబరుతో అయిపోతుంది. ఇరవయ్యో తారీకు హైదరాబాదు విమానానికి పక్కపక్క సీట్లు రెండు తీసింది. ఇద్దరం వెళ్ళిపోయి, ఊళ్ళో మోటారుసైకిళ్ళ షెడ్డు పెట్టుకుని, రోజూ ఒక కంచం ఎదురుగా ఇంకో కంచం పెట్టుకుని తినాలన్నది మా ఇద్దరి కోరిక. ఆగస్టులో బాబాని అడిగితే సరేనన్నాడు. రెండు వారాల ముందు గుర్తుచెయ్యి, వీసా కేన్సిల్ చేయించి పాస్‌పోర్టు చేతికిస్తానన్నాడు. అంటే గుర్తుచెయ్యడం ఒక్కటే నేను చేయాల్సింది.

ఈలోగా దసరా వచ్చింది. మా వైపు బళ్ళ పని చేసేవాడెవడూ ఆ రోజు పనిముట్లకి బొట్టు పెట్టకుండా ఉండడు. నేనూ ఏటా పెడతాను, బాబా నవ్వి ఊరుకుంటాడు. దుర్గ ఇచ్చిన పసుపూ కుంకుమా తీసి స్పానర్లకీ, జాకీకీ, కంప్రెసర్‌కీ, వరసగా ఎనిమిది రిమోటు కార్లకీ, అమెరికా కారు స్టీరింగుకీ బొట్లు పెట్టాను. బీరువా తెరిస్తే దుప్పటి కనిపించింది. అక్కడ ఆగిపోయాను. ఆయుధపూజ రోజున జాకీకి బొట్టు పెట్టి, అసలు ఆయుధాన్ని వదిలేస్తే అమ్మవారు ఏమనుకుంటుంది? విప్పి, పసుపు నూనెలో కలిపి చెక్క పిడికి రూపాయి బిళ్ళంత పట్టించి, మధ్యలో కుంకుమ దిద్దాను. ఇరవయ్యో తారీకున మమ్మల్నిద్దర్నీ ఒకే విమానం ఎక్కించు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. మనసు తేలికైంది కూడా.

మర్నాడు పొద్దున బాబా తుపాకీ తెమ్మని కబురుపెట్టాడు. దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లాడుకునే హాల్లో, ముగ్గురు స్నేహితులూ ఉన్నారు. బొట్టు మాటే మర్చిపోయి దుప్పటితో సహా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. బాబా విప్పాడు. ఒక్క క్షణం అందరూ బొట్టు వైపు చూసి, ఆ తర్వాత నా నుదుటి వైపు చూశారు. అంతే, హాలు దద్దరిల్లేలా నవ్వు. బాబా తుపాకీ నా చేతుల్లో పెట్టి నిలబడమన్నాడు. ఒక స్నేహితుడు ఫోన్‌తో ఫోటో తీసి బాబాకి పంపాడు. అరబ్బీలో ఏదో అనుకుని మళ్ళీ నవ్వారు. వాళ్ళు నవ్వారని నేనూ నవ్వాను. బాబా నా భుజం తట్టాడు.

"ఖలాస్ రాజూ, ఇది ఇంక నీదే."

అక్కడ టీలు అందించే హుస్సేన్ వలి కడప మనిషి, అరబ్బీ బాగా తెలిసినవాడు. నా వెనకే బయటికి వచ్చాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"లోపల ఏమన్న్యారో తెలుసునా నీకు? పోలీసులొచ్చినా మనకేం భయం ల్యా, దానిమింద వాళ్ళ దేవుని ముద్దర ఉంది, వీని మొగానా అదే ముద్దర ఉంది, ఫోటో గూడా ఉంది అన్న్యారు."

తమాషాకి అని ఉంటారులే అన్నాను.

"తమాషాకే అన్న్యారు. అయినా నువ్వు ఎందుకు పెడితివప్పా దానికి బొట్టు?"

దసరా కదా అన్నాను. అది తమాషాయో, కాదో తేల్చుకోలేకపోవడమే నా ఖర్మ. కొట్టి బెదిరించేవాడైతే భయపడాలని తెలుస్తుంది. నవ్వుతూ అనేవాడితో ఏం చెయ్యాలి? ఆ మధ్యాహ్నమే గరుకు కాయితం పెట్టి బొట్టు గీకాను. నేను పెట్టిన బొట్టు నేనే గీకుతున్నందుకు లెంపలేసుకున్నాను. నూనెతో పసుపు చెక్కలోకి దిగిపోయింది. గీకి గీకి చివరికి పోగొట్టానుగానీ, దాంతోపాటు పాతకాలపు నలుపు కూడా పోయి, కింద కొత్త చెక్క తెల్లగా గుండ్రంగా బయటపడింది. బూటు పాలిషు రాస్తే అంటలేదు. అంతకుముందు దగ్గరికొస్తే కనపడేది, ఇప్పుడు వాకిట్లోంచే కనపడుతోంది. కొంప మునిగిందనుకుని మళ్ళీ దుప్పట్లో చుట్టేశాను.

నవంబరు ఆరున గుర్తుచెయ్యాలి. ఆ రోజు దివానియా గుమ్మందాకా వెళ్ళాను. ఫోటో తీసిన స్నేహితుడు అక్కడే ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. వెనక్కి వచ్చేశాను. మర్నాడు బాబా ఒక్కడే ఉన్నాడు. ఏం రాజూ అని నవ్వుతూ అడిగితే, బగ్గీకి ఆయిలు మార్చాలి బాబా అని వచ్చేశాను. మూడోసారి ఆయనే పిలిచాడు. ఇప్పుడు అడిగేద్దామని నోరు తెరిచేలోగా, చూడు ఎంత బాగున్నావో అంటూ ఫోన్‌లో ఆ ఫోటో నా మొహం ముందు పెట్టాడు. నుదుట బొట్టు, చేతిలో తుపాకీ, పళ్ళికిలిస్తూ నేను. బాగుంది బాబా అన్నాను. షెడ్డుకొచ్చి, బిగించి ఉన్న బోల్టులనే మళ్ళీ బిగించుకుంటూ కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు, నా మీద.

శుక్రవారం అబూ హలీఫా వెళ్ళాను. దుర్గ పెట్టెలో ఏమేం సర్దిందో చెబుతూ చెబుతూ ఆగింది.

"అడిగేరాండి?"

అడిగానన్నాను. ఏమన్నారంది. చలికాలం ఎడారిలో గుడారాలు వేస్తారుగా, అవన్నీ అయ్యాక మార్చిలో పంపిస్తానన్నాడని చెప్పేశాను. ఆ అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. అడగడానికి భయమేసిందంటే, దుర్గ అప్పటికప్పుడు చెప్పులేసుకుని అర్దియా వచ్చి తనే అడుగుతుంది. అప్పుడాయన ఆ ఫోటో తీస్తే? తుపాకీ సంగతి నేను తనతో అసలు చెప్పనేలేదు. దుర్గ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. తన టిక్కెట్టు మాత్రం మార్చనంది. ఇద్దరమూ ఇక్కడే ఇరుక్కుంటే బయటికి లాగేవాళ్ళు ఎవరూ ఉండరంది. నా సీటు ఆ సాయంత్రమే రద్దుచేసింది.

ఇరవయ్యో తారీకు పొద్దున బాబా కారు తీసుకెళ్ళమన్నాడు, అడగకుండానే. విమానాశ్రయంలో పెట్టెలు దింపి తోపుడుబండి మీద పెట్టాను. దుర్గ నా చొక్కా కాలరు సరిచేసింది.

"పోన్లెండి. మీరు అడిగేరు, ఆయన ఇవ్వలేదు. మీరే అడక్కుండా ఊరుకుని ఉంటే మాత్రం జన్మలో క్షమించేదాన్ని కాదండి."

సగం నవ్వుతూనే అంది. అప్పుడైనా చెప్పాల్సింది. జాగ్రత్తగా వెళ్ళు, దిగాక ఫోన్ చెయ్యి అన్నాను. అద్దాల తలుపు దాటి, వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యూపింది.

తిరిగొచ్చేసరికి బాబా నా షెడ్డులో నేల మీద బాసింపట్టు వేసుకుని, ఓ పెద్ద అట్టపెట్టె విప్పుతున్నాడు. కొత్త రిమోటు కారు. దాని డొప్ప ఇంకా రంగులేకుండా గాజులా ఉంది. యల్లా రాజూ, రంగు నువ్వే వెయ్యాలి అన్నాడు. ఎక్కడిదని అడిగాను. తుపాకీ ఇచ్చి మార్చుకున్నానన్నాడు. నేను విమానాశ్రయంలో ఉండగా తన దగ్గరున్న తాళంతో బీరువా తీసి స్నేహితుడికి ఇచ్చేశాడట. దాంతో విసుగొచ్చిందట.

ఇన్నాళ్ళూ పెగలని నోరు అప్పుడు పెగిలింది. మరి ఆ ఫోటో బాబా అని అడిగాను. ఏ ఫోటో అన్నాడు. గుర్తురావడానికే కాసేపు పట్టింది. వచ్చాక నవ్వాడు. అదా, ఎప్పుడో తీసేశానన్నాడు. తర్వాత తలెత్తి నాకేసి చూశాడు.

"నీ భార్య వెళ్ళిందా? నువ్వూ వెళ్తానన్నావు కదా. గుర్తుచెయ్యమన్నాను. నువ్వు అడగలేదు, మానుకున్నావనుకున్నాను."

జాకీ మీద చెయ్యి ఆనించుకుని, ఇప్పుడు గుర్తుచేస్తున్నాను బాబా, నన్ను పంపించు అన్నాను. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. ఇప్పుడెలా కుదురుతుంది, గుడారం వేసేశాం, తొమ్మిది బళ్ళయ్యాయి, నువ్వు లేకపోతే ఎవరు చూస్తారన్నాడు. మార్చిలో చూద్దాం అన్నాడు. ఆ నెల పేరు నేను ఆయనకి చెప్పలేదు. ఆయన నోటే వచ్చింది.

డొప్ప నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. దుర్గ.

"ఎక్కమని పిలుస్తున్నారండి. మీరు మొహమాటపడకండి, ఇంకోసారి అడిగి చూడండి."

"అడిగాను. ఇప్పుడే, వచ్చీ రాగానే."

"ఏమన్నారండి?"

"మార్చి అన్నాడు."

అవతల జనం గోలలో ఏదో ప్రకటన వినిపించింది. దుర్గ గొంతు తేలికపడింది.

"ఆయ్, అదే మాట. పోన్లెండి, మాట మీద నిలబడే మనిషేనన్నమాట."

అవునన్నాను. ఫోన్ పెట్టేసి, డొప్ప తిరగేసి, లోపలి నుంచి మొదటి గీత గీశాను.