మిత్రపురుగులున్న చేను

మిరప ఘాటు అలవాటైన ఊళ్లలో నోరు మండుతోందని ఎవరైనా అంటే నవ్వుతారు. గుంటూరు శివారున, నల్లపాడు దగ్గర ఒక మిర్చి షెడ్డులో ముచ్చికలు తీసే ఆడవాళ్లు ఆ మధ్యాహ్నం కోటిరత్నాన్ని చూసి అలాగే నవ్వారు. ఆమె క్యారేజీలో మళ్లీ మజ్జిగన్నమే ఉంది.

"బాలింతవా ఏందే, పథ్యం చేస్తున్నావు?" అందొకావిడ.

"గోంగూర పచ్చడి ముట్టని గుంటూరు మనిషిని నిన్నొక్కదాన్నే చూశా అక్కా," అంది పక్కన కూర్చున్న సైదాబీ. "ఈ సంగతి బయటికి పొక్కితే మన మిర్చిని ఎవరూ కొనరు."

కోటిరత్నం కూడా నవ్వింది. పెదవులు విప్పకుండా నవ్వింది. నోరు విప్పడం ఆమెకు కష్టమై చాలా నెలలైంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

షెడ్డులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండుమిరపకాయల మధ్య కూర్చోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటు గొంతులోకి దిగుతుంది. దగ్గు మొదలైతే ఆగదు. అందుకే ఆ ఆడవాళ్లు చిన్న పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుంటారు. నోట్లో నీరూరి గొంతు గరగర తగ్గుతుంది. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్న ఉపాయం అది. దాన్ని ఎవరూ వ్యసనం అనుకోరు. పనిముట్టు అనుకుంటారు. కోటిరత్నం ఇరవై ఏళ్లుగా ఎడమ బుగ్గనే పెట్టుకుంటోంది. ఆ బుగ్గలో ముందు తెల్లటి మచ్చ వచ్చింది. తర్వాత పుండు పడింది. ఘాటు వల్లేననుకుంది. మంట తగ్గడానికి ఆ పుండు మీదే మళ్లీ పొగాకు ముక్క పెట్టుకుంది.

ఇంట్లో ఆమె, భర్త పానకాలు ఇద్దరే. పిల్లలు కలగలేదు. పానకాలు కౌలుకు పత్తి వేస్తాడు. ఈ మధ్య కూరలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే విసుక్కున్నాడు. ఆమె రుచి చూడడం మానేసిందని గ్రహించలేదు. ఒకసారి మాత్రం ఆమె కలుపుకున్న ముద్ద చూశాడు. ఉసిరికాయంత ఉంది.

"ఏందే, పిచ్చుకకి పెట్టినట్టు తింటన్నావు?"

"పన్ను పోటయ్యా. అదే తగ్గుద్దిలే."

ఆ ఏడు పత్తి మొక్క మోకాలెత్తు ఎదిగిన రోజుల్లో షెడ్డుకు వైద్య శిబిరం వాళ్లు వచ్చారు. డాక్టర్ దేవకుమారి ఒక్కొక్కరినీ పిలిచి, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. కోటిరత్నం నోట్లో ఒక్క వేలే పట్టింది. డాక్టరు టార్చి వేసి బుగ్గ లోపల చూసి, "రేపు మీవారిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి రండమ్మా," అంది.

పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. నోటి క్యాన్సరని తేలింది. ఆ మాట విన్నాక పానకాలుకు ఆసుపత్రి గోడలు తప్ప ఏమీ కనపడలేదు.

"బతుకుద్దా అమ్మా?" అని అడిగాడు.

"కచ్చితంగా ఇలాగే అవుతుందని ఏ డాక్టరూ చెప్పలేరు. కానీ ఆశ ఉంది," అంది దేవకుమారి. "మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయి. కొందరిలో అవి గడ్డ బయటే ఆగిపోతాయి. ఈమెకి మాత్రం గడ్డ లోపలికి చాలా చేరాయి. ఇలాంటి వాళ్లు చికిత్సకి బాగా నిలబడటం, ఎక్కువకాలం బతకటం చూస్తుంటాం."

పానకాలు తెల్లమొహం వేశాడు. డాక్టరుకు జాలేసింది. ఆమె కూడా పత్తి రైతు కూతురే.

"పత్తి చేలో అక్షింతల పురుగులు చూస్తుంటారుగా?"

"చూడకేం. మిత్రపురుగులు. పేనుబంకని, పచ్చదోమ పిల్లల్ని తింటయ్యి."

"ఈ కణాలు కూడా అలాంటివే అనుకోండి."

పానకాలు మొహంలోకి నెత్తురొచ్చింది. "అయితే మా కోటిరత్తం చేలో మిత్రపురుగులు దిగినయ్యన్నమాట."

"దిగాయి. వచ్చే వారం ఆపరేషన్ చేసేద్దాం. ఆ తర్వాత రేడియేషన్, అదే కరెంటు పెట్టాలి. ఆలస్యం చేయొద్దు."

మొదటి మాట ఆయన మనసులో నాటుకుంది. రెండో మాట చెవి దగ్గరే ఆగిపోయింది.

ఆటోలో ఇంటికి వస్తూ పానకాలు నిరుటి సంగతి తలుచుకున్నాడు. చేలో మిత్రపురుగులు దండిగా ఉన్నప్పుడు మందు కొట్టొద్దని, కొడితే ముందు చచ్చేవి అవేనని వ్యవసాయాఫీసరు చెప్పాడు. ఊళ్లో ఎవరూ వినలేదు. పానకాలు ఒక్కడే విన్నాడు. "మందుకి డబ్బుల్లేక పురుగుల్ని కాపలా పెట్టాడ్రా," అని అందరూ ఎగతాళి చేశారు. చివరికి ఆయన చేనే పచ్చగా నిలిచింది. జీవితంలో ఆయన గర్వంగా చెప్పుకునే గెలుపు అదొక్కటే.

"రత్తం, ఆపరేషనూ వద్దు, కరెంటూ వద్దు," అన్నాడు ఆ సాయంత్రం.

"డాక్టరమ్మ వారంలో రమ్మంది కదయ్యా."

"మందు కొడితే ముందు పోయేది మనవాళ్లేనే. నీ ఒంట్లో అవి దండిగా ఉన్నయ్యని ఆవిడే చెప్పిందిగా. వాటికి బలం పెడదాం. అవే చూసుకుంటయ్యి."

ఆయన అక్క రమణమ్మ కూడా వంత పాడింది. "మంచిమాట అన్నావురా. కత్తి తగిల్తే ఆ జబ్బు ఇంకా పాకుద్దంట. బంగారం లాంటి మొహం కోయించుకుని ఏం చేస్తది?"

కోటిరత్నం ఎడమ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. వెళ్లాలనే ఉంది ఆమెకు. కోతంటే భయమూ ఉంది. ఈ రెంటి మధ్య ఆమె భర్త మొహం చూసింది. అంత ధైర్యంగా ఆయన మాట్లాడి చాలా కాలమైంది. "నీకేది మంచిదనిపిస్తే అదే చెయ్యి," అంది.

చదువరులారా, పానకాలును తిట్టుకోకండి. భార్యను వదిలేసిన మనిషి కాడు ఆయన. రోజూ రాగిజావ కాచి పట్టాడు. గుడ్డు ఉడకబెట్టి, వేళ్లతో మెదిపి, పాలల్లో కలిపి తాగించాడు. ఆమెను షెడ్డు మాన్పించాడు. పొగాకు కూడా మాన్పించాడు. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే "కుదురుగానే ఉందమ్మా, వస్తాం," అని పెట్టేశాడు. పొద్దున్నే చేలోకి వెళ్లి ఆకు తిరగేసి, అక్షింతల పురుగు కనపడితే ఇంటికొచ్చి ఆమెతో చెప్పేవాడు. అది శుభశకునమన్నట్టు ఆమె తలూపేది.

పత్తి పగిలింది. ఇంట్లో ఊరికే ఉండలేక ఆమె కూడా తీతకు వెళ్లింది. అప్పటికే దవడ కింద పత్తికాయంత బిళ్ల కట్టింది. దాన్నీ, చిల్లు పడుతున్న బుగ్గనూ పైట కొంగుతో కప్పుకుంది. ఆయన సంతోషం చెడుతుందని చెప్పలేదు. ఒకరోజు చేలో మంచినీళ్లు తాగుతుంటే నీళ్లు బుగ్గలో పడ్డ చిల్లులోంచి కారి మెడ మీదికి వచ్చాయి. తుడుచుకోబోతే కొంగు జారింది. పానకాలు చూశాడు. ఒళ్లో పత్తి ఒళ్లోనే ఉండగా ఆమెను తీసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

డాక్టర్ దేవకుమారి మళ్లీ పరీక్షలన్నీ చేయించింది. ఫలితాలు వచ్చాక పానకాలును గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

"ఆ కణాలు ఇంకా ఉన్నాయండి. కానీ అలసిపోయాయి. చాలాకాలం ఒంటరిగా పోరాడితే వాటి సత్తువ పోతుంది. వాటిని మళ్లీ లేపే మందులున్నాయి, ఇచ్చి చూస్తాను. కానీ జబ్బు ఊపిరితిత్తుల దాకా వెళ్లింది. ఇక పూర్తిగా నయం చేయగలనని చెప్పలేను."

"మీరేగా అమ్మా చెప్పింది, మిత్రపురుగులని. మందు కొడితే అవి చస్తయ్యని నేను..." పానకాలు మాట పూర్తి కాలేదు.

దేవకుమారికి అప్పుడు అర్థమైంది. "పోలిక చెప్పాను. అది ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేదు. మీకెలా అర్థమైందో కనుక్కోలేదు. ఆ తప్పు నాది," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "పానకాలు గారూ, గులాబీరంగు పురుగు పత్తికాయలోకి దూరాక అక్షింతల పురుగు ఏం చేయగలదు?"

"ఏం చేయలేదమ్మా. ఆ కాయ తుంచి పారెయ్యాల్సిందే."

ఆయన నోటితోనే జవాబు వచ్చింది. విన్నది కూడా ఆయనే. బల్ల మీద తల పెట్టుకున్నాడు.

మందు ఇచ్చారు. ఫలితం లేకపోయింది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం కోటిరత్నం సైగ చేసి గోంగూర పచ్చడి అడిగింది. పానకాలు వేలి కొసన కాస్త తీసి నాలుకకు రాశాడు.

"కారం తెలుస్తందా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని ముద్దముద్దగా అంది. "నేను బతకాలనేగా చేశావు."

క్షమించింది అనుకోవాలేమో. కానీ పానకాలుకు ఆ మాటే అన్నిటికంటే బరువైంది.

శివరాత్రికి ముందే ఆమె వెళ్లిపోయింది. పెద్దకర్మ నాడు రమణమ్మ విస్తరిలో ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించి, గోంగూరన్నం పెద్ద ముద్ద చేసి పెట్టింది. పానకాలు వంగి ఆ ముద్దను విడదీసి, ఉసిరికాయలంత ఉండలు చేయడం మొదలుపెట్టాడు.

"ఏందిరా అది?" అంది రమణమ్మ.

"అంతది పట్టదే అక్కా. దాని నోరు తెరుచుకోదు."

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది.

షెడ్డుకు కొత్త మిర్చి వచ్చాక శిబిరం మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరు అడగకుండానే పానకాలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సైదాబీ నోట్లో రెండు వేళ్లే పట్టాయి. బుగ్గలో తెల్లమచ్చ ఉంది. ముక్క తీసి చూడాలంది దేవకుమారి.

"ఇప్పుడు నాకేం కాలేదుగా మేడం. తింటన్నా, తిరుగుతన్నా. మిర్చి అయిపోయాక వస్తాలే," అంది సైదాబీ. "మా ఒళ్లు గట్టిది. అదే తగ్గించుకుంటది."

పానకాలు ముందుకొచ్చాడు. ఆయన గొంతు పెద్దది కాదు. అయినా షెడ్డంతా వినపడింది.

"మా రత్తం ఒళ్లు కూడా గట్టిదే సైదాబీ. దాని ఒంట్లో కాపలా బాగుందని భూతద్దంలో చూసి మరీ చెప్పారు. కాపలా ఉందిగా అని నేను ఇంట్లో కూర్చున్నా. నేను వస్తానని అవి లోపల ఎన్నాళ్లు చూసినయ్యో నాకు తెలవదు. నేను వెళ్లేసరికి అలిసిపోయినయ్యి." మిగతా ఆడవాళ్ల వైపు తిరిగాడు. "పుండు రెండు వారాల్లో మానకపోయినా, ముద్ద చిన్నదైపోతన్నా, కారం తినలేకపోతన్నా అది ఘాటు కాదమ్మా. మీ పక్కన మజ్జిగన్నం తినే మనిషిని చూసి నవ్వమాకండి. నోరు తెరవమని అడగండి."

షెడ్డులో ఎవరో దగ్గారు. సైదాబీ పక్కకు తిరిగి చూసింది. కోటిరత్నం కూర్చునే చోట ఇప్పుడు మిరపకాయల గోతం ఉంది. సైదాబీ లేచి బయటికి వెళ్లి బుగ్గలోని పొగాకు ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి డాక్టరు ముందు కూర్చుంది. తెరుచుకున్నంత మేర నోరు తెరిచింది.

మన ఒంట్లో మన కోసం పోరాడేవాళ్లు ఉన్నారని డాక్టరు చెబితే, అది మనల్ని ఆగమని చెప్పడం కాదు, వాళ్లు అలసిపోకముందే త్వరగా రమ్మని పిలవడం.