నల్లసామి రెండో పరీక్ష

తమిళనాడులో ఒట్టపిడారం దగ్గర నల్లరేగడిలో మినుము, పత్తి పండించే నల్లసామికి అరవై దాటాయి. రెండేళ్ల కిందట కోవిల్‌పట్టిలోని తమ ఇంటి డాక్టరు వసంతి మాట మీద మలపరీక్ష చేయించుకున్నాడు. పెద్దపేగులో గడ్డలాంటిది మొదలైతే కంటికి కనబడని రక్తం పడుతుందట. అది పట్టే పరీక్ష. ఏమీ లేదని తేలింది. ఆనాటి నుంచీ ఆయన ఊళ్లో ఫస్టు క్లాసులో పాసైనవాడిలా తిరిగాడు.

అందుకే వసంతి ఫోన్ చేసి "మళ్లీ పరీచ్చకు ఇయ్యాల పెదనాయనా" అన్నప్పుడు ఆయనకు చిన్నతనమనిపించింది.

"పాసైనోణ్ణి మళ్లీ పరీచ్చ రాయమంటావేమ్మా?"

"అప్పుడు బాగుండె. ఈ రెండేండ్లలో లోపల ఏమి మొలిచిందో నీకు తెలుసునా, నాకు తెలుసునా?"

సరే సరే అని ఫోన్ పెట్టేసి, ఆయన ఆమె ఆసుపత్రి ఉన్న వీధికి వెళ్లడమే మానేశాడు. తనకు చుట్టల దగ్గు పట్టుకుంటే భార్య అళగమ్మాళ్‌ను పంపి, ఆమెకే దగ్గని చెప్పి మందు తెమ్మన్నాడు. వసంతి ఆమె వీపు మీద స్టెతస్కోపు ఆనించి, "పెద్దమ్మా, ఎప్పటినుంచి చుట్ట తాగుతుండావు?" అంది. అళగమ్మాళ్ పకపకా నవ్వి ఉన్నదంతా చెప్పేసింది. మందుతోపాటు, లోపల పుల్ల అమర్చిన చిన్న సీసా కూడా ఇంటికొచ్చింది.

ఇక రోజూ పొద్దున్నే "అయిందా?" అని అళగమ్మాళ్ పక్కింటికి వినబడేలా అడిగేది. విసుగెత్తి ఒక ఉదయం ఆయన కొట్టంలోకి నడిచాడు. అక్కడ ఎర్రావు ఆయన పని క్షణంలో తేల్చిపెట్టింది. సీసా నిండా కూరి, తనే బస్సెక్కి వెళ్లి ఇచ్చి, బజారులో పల్లీ మిఠాయి కొనుక్కుని దర్జాగా తిరిగొచ్చాడు.

వసంతి సీసాను వెలుతురుకు పట్టి చూసింది. మూత అంచున జొన్నచొప్ప పీచు ఒకటి వేలాడుతోంది. ఆమె అళగమ్మాళ్‌కు ఫోన్ చేసింది.

ఆ పూట ఆకలిగా కూర్చున్న నల్లసామి ముందుకు కంచం వచ్చింది. అందులో తరిగిన చొప్ప, నానబెట్టిన పత్తిగింజలు. పక్కన చెంబు నిండా కుడితి.

"ఇదేందే?"

"డాక్టరమ్మ చెప్పె. నీ కడుపులో నాలుగు అరలు ఉండాయంట. అన్నం, సాంబారు ఇంక నీకు ఆగవంట. ఇది తిని కొంచేపు నెమరెయ్యాలంట."

ఆయన కంచం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె ముఖం కదల్లేదు.

"పాలు ఎంత ఇస్తాడని కూడా అడిగె," అంది.

ఆ మాటకు ఆయనకే నవ్వాగలేదు.

మర్నాడు ఇంకో సీసా తెప్పించుకుని, ఈసారి తన సొంతదే పట్టుకెళ్తే వసంతి ఎగతాళి చేయలేదు. "ఏల పెదనాయనా ఇంత బయం?" అని మెల్లగా అడిగింది.

నల్లసామి నేల చూపులు చూశాడు. "మొదటితూరి మంచిగా వచ్చె. ఈతూరి చెడ్డగా వస్తే? అడగకుంటే రాదు కదా అనుకొంటి."

"అడగకున్నా వచ్చేది వస్తాది. అడిగితే ముందే పట్టుకోవచ్చు."

ఈసారి రక్తం జాడ కనబడింది. ఆ కబురు విన్న రోజు ఆయన పొలానికి పోలేదు. వసంతి తనే మదురైలో పెద్ద డాక్టరుతో మాట్లాడి పంపింది. వెనక నుంచి కెమెరా గొట్టం వేసి చూస్తే పేగులో చిక్కుడు గింజంత కండ పెరిగి ఉంది. అప్పుడే తీసేశారు. ఇంకా క్యాన్సరు కాలేదు, వదిలేస్తే ఏమయ్యేదో చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి వారం తిరక్కుండా ఆయన విరుదునగర్‌లో బావమరిది చెల్లదురై ఇంట్లో దిగాడు. చెల్లదురై కూడా ఒకసారి పరీక్ష ఇచ్చి, ఇక చాలన్నవాడే.

"నాకేమీ లేదు బావా," అన్నాడు చెల్లదురై.

"సరి, వద్దులే," అని నల్లసామి భోజనానికి కూర్చుని, కడుపు ఖాళీ చేయడానికి మందు తాగిన రాత్రి ఎలా గడిచిందో మొదలుపెట్టాడు. సాంబారు దగ్గర మొదలైనది మజ్జిగ దాకా సాగింది. మరుసటి పొద్దున ఇడ్లీల ముందు గొట్టం సంగతి ఎత్తుకున్నాడు.

చెల్లదురై కంచం తోసేసి లేచి చొక్కా తొడుక్కున్నాడు. "నోరు మూసుకో బావా. మా వీదిలో డాక్టరు ఈ యాళకు వచ్చుంటాడు, పోదాం రా."