పూల్ మూసేముందు పిలుపు

మంచు కురిసే లావాల్ ఊళ్ళో అక్టోబరు వచ్చిందంటే పెరట్లో ఈత పూల్ మూసేయాల్సిందే. బద్ధకిస్తే నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగిలి కూర్చుంటాయి. ఒడెట్ ఇంట్లో ఏటా ఆ పని తమ్ముడు ఫెర్నాన్‌ది. ఆవిడ వలకర్రతో ఆకులు తీసేది, అతను నీళ్ళు దించి, గొట్టాల్లోకి గాలి కొట్టి, బిరడాలు బిగించేవాడు. అమ్మ పోయాక ఇల్లు అతని పేరన రాయించిందీ ఆవిడే. "పన్నుల గోల నేను చూసుకుంటానక్కా, నువ్వున్నన్నాళ్ళూ ఇల్లు నీదే" అన్నాడు. తోడబుట్టినవాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది!

ఈసారి అతని తొందర చూడాలి.

"అక్కా, కవర్ కొస పట్టు. కప్పేద్దాం."

"అదేంట్రా, పిలవొద్దూ?"

"ఈ ఒక్కసారికీ వదిలెయ్, చలేస్తోంది."

"నీకేమన్నా మతి పోయిందా?"

వేసవిలో ఈదిన వాళ్ళందరి నీడలూ నీళ్ళలోనే ఉండిపోతాయి కదా. పేరు పెట్టి పిలిస్తే మెట్లెక్కి, ఒళ్ళు దులుపుకుని, తమ మనిషి దగ్గరికి వెళ్ళిపోతాయి. పిలవకుండా మూస్తే ఆ మనిషికి మే నెల దాకా ఎముకలు కొరికే చలి. ఎవరి నీడని వాళ్ళు పిలుచుకుంటే రాదు, ఇంకొకళ్ళు పిలవాలి.

ఒడెట్ నీళ్ళ మీదికి వంగి పక్కింటి హ్యుగెట్ పేరు పిలిచింది. హ్యుగెట్ నీడ నీళ్ళోడుతూ కంచె దాటింది. ఫెర్నాన్ నీడ వచ్చి అతని కాళ్ళలో కలిసింది. ఒడెట్ నీడ పక్కన ఇంకా రెండు మిగిలాయి. గడ్డం కుర్రాడొకడు, పచ్చ ఈతబట్టల పిల్లొకతి. చేతులు పట్టుకుని, ఇంటి కిటికీలకేసి మురిపెంగా చూస్తున్నారు.

"ఎవర్రా వీళ్ళు?"

ఫెర్నాన్ కవర్ మడతలు సర్దాడు. "ఏమో, పక్క వీధి వాళ్ళేమో."

"ఆ పిల్ల చలికాలమంతా వణికి చస్తుందిరా! తెలిస్తే చెప్పి ఏడువు."

దిక్కులు చూసి, చివరికి సన్నగా పిలిచాడు. "మాక్సిమ్... నొయెమీ..."

ఇద్దరూ ఎక్కి వీధిలోకి నడిచారు. పోతూ పోతూ పిల్ల నీడ వంటింటి గోడని ఒకసారి నిమిరింది.

ఒడెట్‌కి ఆగస్టులో తను ఊళ్ళో లేని వారం గుర్తొచ్చింది.

"ఇల్లు అమ్మేశావా?"

"ఇంకా లేదక్కా. శుక్రవారం నోటరీ దగ్గర సంతకాలు. నీకు పెద్దవాళ్ళని చూసుకునే చోట, మెట్లెక్కే పనిలేని మంచి గది చూశాను. రోజూ సూప్ వాళ్ళే పెడతారు."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావ్?"

"క్రిస్మస్‌కి."

పరాయివాడైతే తిట్టిపోసేది. పొట్ట కింద చెయ్యి పెట్టి వీడికి ఈత నేర్పింది ఈ నీళ్ళలోనే. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

"సరే, నన్నూ పిలువు. పూల్లో ఎవరి నీడ మిగిలినా నోటరీ ఆ ఇంటి కాగితం ముట్టుకోడుగా."

"ఒడెట్!"

ఏటా ఒక్క పిలుపుకే వచ్చేది. ఈసారి నీడ తలెత్తి అతన్ని కాసేపు చూసింది.

"అక్కా! డెడెట్!" అమ్మ పెట్టిన ముద్దుపేరు కూడా వాడేశాడు.

నీడ అటు తిరిగి, లోతు వైపు దిగి, మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది.

"రమ్మనవే దాన్ని!"

"నా మాట అదెప్పుడు విందిరా? పిలిచే గొంతు మీద నమ్మకముండాలి."

ఫెర్నాన్ కంచె దగ్గరికి పరుగెత్తాడు. "హ్యుగెట్, మా అక్కని ఒక్కసారి పిలవ్వా!"

హ్యుగెట్ కంచె మీంచి తొంగిచూసింది. ఒడెట్ కళ్ళు చూసింది, ఫెర్నాన్ కంగారూ చూసింది.

"అయ్యో, పొద్దుట్నుంచీ నా గొంతు పూర్తిగా పోయిందయ్యా" అని గట్టిగా అరిచి లోపలికెళ్ళిపోయింది.

"కవర్ పట్టు" అంది ఒడెట్.

"అక్కా, మే దాకా గడ్డకట్టుకుపోతావే!"

"పట్టమన్నానా!"

ఆఖరి తాడు బిగిసేసరికి చలి ఆవిడ ఎముకల్లోకి దిగింది. పళ్ళు కటకటలాడుతున్నాయి. అలాగే లోపలికి నడిచి, తమ్ముడి మొహం మీదే తలుపేసి, గొళ్ళెం పెట్టుకుంది.