ఫ్యాను రెక్క మీద పేరు

మా చర్చిలో ఆడవాళ్లు కూర్చునే వైపు రెండు ఫ్యాన్లున్నాయి. అవి తిరుగుతున్నంతసేపూ నాకే బాధా లేదు. కరెంటు పోయినప్పుడే ఒళ్లు మండుతుంది. రెక్కలు ఆగాక వాటి మీద ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు కనబడతాయి. ఒక రెక్క మీద "కీ.శే. ప్రేమమ్మ గారి", రెండో రెక్క మీద "జ్ఞాపకార్థం", మూడో దాని మీద "కుమారుడు సాల్మన్".

ప్రేమమ్మ మా అత్త. సాల్మన్ మా బావగారు, అంటే మా ఆయన మార్క్‌కి అన్న, మా చర్చి సంఘానికి కార్యదర్శి. ఆ రెండు ఫ్యాన్లూ కొన్నది మా ఆయన, తను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇచ్చిన బోనసుతో. అత్త మంచాన పడ్డప్పుడు ఒళ్లు తుడిచి, అన్నం కలిపి పెట్టింది నేను. మా బావగారు చేసిందల్లా ఫ్యాన్లని ఆటోలో పెయింటరు దగ్గరికి తీసుకెళ్లడం. అంతే! తిరిగొచ్చేసరికి పేరు ఆయనదైపోయింది.

"అమ్మ పేరుందిగా, చాల్లే హెలెనూ" అన్నాడు మా ఆయన.

నోట్లో నాలుక లేని మనిషి. కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్. మా నల్లపాడులో సగం ఇళ్లలో ఫ్యూజు పోతే ఈయనకే కబురొస్తుంది. వెళ్లి బాగుచేసి, టీ కూడా తాగకుండా వచ్చేస్తాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాక నాకు కోపం రాకపోతే ఇంకెవరికొస్తుంది చెప్పండి!

ఇక కంప్యూటరు సంగతి. మా అమ్మాయి ఆరాధన డిగ్రీ చదివేటప్పుడు నేను జాకెట్లు కుట్టిన డబ్బుతో దాన్ని కొన్నాం. అమ్మాయికి ఒంగోలులో ఉద్యోగం వచ్చాక ల్యాప్‌టాప్ కొనుక్కుంది, కంప్యూటరు మాకే మిగిలింది. వెళ్లేముందు అందులో వాళ్ల నాన్నకి ఒకటి పెట్టి వెళ్లింది. ఎక్కడో పెద్ద పెద్ద టెలిస్కోపులు ఆకాశంలోంచి రేడియో తరంగాలు పట్టుకుంటాయట. అందులో కొత్త నక్షత్రాల జాడ వెతకాలంటే సైంటిస్టుల దగ్గరున్న కంప్యూటర్లు చాలవట. అందుకని ఆ లెక్కల్ని ముక్కలు ముక్కలు చేసి, ఇష్టమున్న వాళ్ల ఇళ్లకి ఇంటర్నెట్‌లో పంపుతారట. మన కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ ముక్కని జల్లెడ పట్టి, ఫలితం వాళ్లకి పంపేస్తుంది. మనకి పైసా రాదు.

"మరి మనకేంటి లాభం?" అనడిగాను.

"లాభమేముంది, ఊరికే ఉండేదానికి పని" అన్నాడు మా ఆయన. ఆ రోజునుంచీ డ్యూటీ దిగగానే మిర్చి దుమ్ము బట్టలతోనే వచ్చి దాని ముందు కూర్చునేవాడు. చేసేదేమీ లేదు. తెర మీద గీతలు కదులుతుంటే చూస్తాడు, అంతే.

ఆ దుమ్ము మాత్రం నాకు పని పెట్టింది. సీజన్‌లో మా వీధంతా టిక్కీల లారీలే, అదే మిర్చి బస్తాలవి. ఇల్లంతా ఘాటు. అదంతా వెళ్లి ఆ కంప్యూటరు లోపలి ఫ్యానులో కూర్చుంటుంది. ఫ్యాను వేగంగా తిరిగిందంటే చాలు, గదిలో ఉన్నవాళ్లందరికీ తుమ్ములే. వారం వారం మూతిమీద కొంగు కట్టుకుని, డబ్బా పక్క రేకు విప్పి, పెయింటు బ్రష్షుతో దులిపేదాన్ని. కళ్లలో నీళ్లు కారేవి. దులుపుతున్నంతసేపూ తిట్టేదాన్ని. నక్షత్రాలకి మా ఇంటి కరెంటు లేకపోతే గడవదా! ఎండాకాలం ఆ గది కుంపటిలా ఉండేది. దులపడం మానేస్తే అదే చస్తుంది, పీడా పోతుంది అనుకునేదాన్ని. కానీ సాయంత్రం ఆయన మొహం చూసి మళ్లీ దులిపేదాన్ని.

మొన్న సీజన్ చివర్లో ఒక మెయిల్ వచ్చింది. ఆయనకి వచ్చిన కాస్త ఇంగ్లీషుతో అది అర్థంకాక ఆరాధనకి పంపాడు. అది ఫోన్ చేసి ఒకటే అరుపులు. "నాన్నా, మన కంప్యూటర్‌కి దొరికింది! ఎవరికీ తెలియని నక్షత్రం! ఇంకో దేశంలో ఇంకొకళ్ల కంప్యూటర్‌తో సరిచూశారంట, నిజమేనంట! రాయబోయే పేపర్లో మన పేరు వేస్తారంట. ఎలా వేయాలో చెప్పమంటున్నారు."

మా ఆయన ఏడ్చాడు. అత్త పోయినప్పుడు కూడా గోడ వైపు తిరిగి ఏడ్చిన మనిషి, నా ముందే ఏడ్చాడు. "ఫ్యానులాగా గిరగిరా తిరిగే నక్షత్రం హెలెనూ. తిరిగినప్పుడల్లా మనవైపు ఒకసారి మిణుక్కుమంటుందంట" అన్నాడు. ఆ ఒక్క సాయంత్రం నాకు ఎవరి మీదా కోపం లేదు.

కానీ ఈయన ఊరుకుంటాడా? బుధవారం ప్రార్థన కూటానికి వెళ్లి పాస్టరు జక్రయ్య గారికి చెప్పాడు. జక్రయ్య గారు బావగారికి చెప్పారు. శనివారానికల్లా స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీ లేచింది. "మన సంఘం కనుగొన్న నూతన నక్షత్రం" అని పైన. కింద తోక ఉన్న నక్షత్రం, క్రిస్మస్ కార్డులోది. మధ్యలో చేతులు జోడించి తాటికాయంత మొహంతో మా బావగారు. మా ఆయన ఫోటో ఏ మూలా లేదు. వచ్చే నెలలో సంఘం ఎన్నికలు కదా!

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారం ప్రార్థన అవగానే అడుగుదామనుకుంటే, బావగారే జక్రయ్య గారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఒరేయ్ మార్కూ, ఆ మెయిల్‌కి జవాబు పంపావా? పంపలేదుగా. నేను చెప్తా, నువ్వు కొట్టు. మన సంఘం పేరు ముందు. దాని కింద, కార్యదర్శి కె. సాల్మన్."

"సరే అన్నయ్యా" అన్నాడు మా ఆయన. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. సరే అట, సరే!

నేను వెళ్లి గోడలోంచి ప్లగ్గు పీకేశాను. తెర నల్లబడింది.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నారు బావగారు.

"బావగారూ, ఈ డబ్బా దుమ్ముకి మీరు ఒక్కసారైనా తుమ్మారా? ఒక్కసారి తుమ్మి ఉంటే చెప్పండి, మీ పేరే పెట్టిస్తాను. ఫ్యాన్లు మింగారు, అత్తకి చేసిన చాకిరీ మింగారు. ఇప్పుడు ఆకాశంలో ఉన్నదాన్ని కూడా వదలరా?"

"శాంతించమ్మా" అన్నారు జక్రయ్య గారు. "దేవుని పేరు పైకి రావాలి గానీ, మన పేర్లెందుకమ్మా?"

"అయితే ఆ ఫ్లెక్సీ మీద మా బావగారి మొహమెందుకండీ?"

బావగారి మొహం మాడిపోయింది. అప్పుడు మా ఆయన లేచాడు. నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని మళ్లీ గోడకి పెట్టాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఇంతే, ఈయన మారడు అనుకున్నాను. కంప్యూటరు నెమ్మదిగా లేచింది.

"అన్నయ్యా, కరెంటు బిల్లు సంఘం కట్టలేదు. ఈ ఒక్కటీ నేను రాసుకుంటా" అన్నాడు.

అనేసి రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. బావగారు వంగి తెర చూసి, చివాల్న లేచి చెప్పులేసుకున్నారు. "పెళ్లాం కొంగు పట్టుకుని తిరుగురా, తిరుగు!" అంటూ వెళ్లిపోయారు. పాస్టరు గారు కూడా ఆయన వెనకే వెళ్లారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మా ఆయన అన్నకి ఎదురు చెప్పాడు! గబగబా వెళ్లి తెర చూశాను. ఆయన పేరు కోసం వెతికాను. లేదు. ఇంగ్లీషు అక్షరాల మధ్య నాకు చదవడం వచ్చినవి రెండే, హెలెన్ అని, నల్లపాడు అని.

"ఇదేంటి?"

"పంపేశాను."

"ఎవరడిగారు మిమ్మల్ని? నా పేరెందుకు?"

"కంప్యూటరు నీ డబ్బుతో కొన్నది. దుమ్ము దులిపింది నువ్వు. నేనేం చేశాను, చూస్తూ కూర్చున్నాను."

"మళ్లీ రాయండి. మీ పేరు వేయమని రాయండి."

"రాయను" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నా మాట కాదనడం అదే మొదలు. ఆరాధనకి ఫోన్ చేస్తే అది ఆయన కూతురే కదా. "ఆ జవాబు నాకూ పంపారు. నాన్న ఏం రాశారో తెలుసా అమ్మా? ఈ కంప్యూటరు నా భార్యది, ఆమె పేరే వేయండి అని రాశారు. నేను మార్చను" అంది.

ఆ వారమంతా వీధిలో తలెత్తుకోలేకపోయాను. కిరాణా కొట్టు దగ్గర ఒకళ్లు, జాకెట్లు తెచ్చినవాళ్లు ఒకళ్లు, "నక్షత్రం కనిపెట్టావంట కదా హెలెనమ్మా" అంటూనే ఉన్నారు. నేను కాదంటే నమ్మరు. రాత్రీ పగలూ దాని ముందు కూర్చుని సంబరపడ్డ మనిషి పేరు ఎక్కడా లేదు, తిట్టుకుంటూ దులిపినదాని పేరు పేపర్లో పడుతుంది. ఇప్పుడు మా బావగారికీ నాకూ తేడా ఏముంది? ఈ మనిషి ఎవరో ఒకరికి ఇచ్చెయ్యకుండా బతకలేడా? అన్నకి ఇవ్వడం మానేసి నాకిచ్చాడు, అంతేగా. ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అంత ప్రేమ కూడా ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

మిర్చి టిక్కీల మీద మార్కులు వేసే నల్లరంగు డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది. ఆదివారం దాన్ని బ్రష్షుతో సహా బైబిలు సంచిలో పెట్టుకున్నాను.

కరెంటు పోతుందేమోనని చూశాను. పాటలయ్యాయి, పాస్టరు గారి వాక్యం అయింది. పోలేదు. రోజూ పోయే కరెంటు, కావాలన్నప్పుడు పోదు! బావగారు మైకు పట్టుకుని ప్రకటనలు మొదలుపెట్టారు. ఆయన పక్కనే స్విచ్చుబోర్డు. లేచి వెళ్లి నేనే ఒక స్విచ్చు ఆపాను.

"ఏంటమ్మాయ్, ఇంత ఉక్కలో ఫ్యాను ఆపుతావ్?" మైకులోనే అన్నారు.

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి ఫ్యాను కింద వేసి ఎక్కాను. రెక్కలు మెల్లగా ఆగాయి. అత్త పేరున్న రెక్కని జరిపాను, దాని జోలికి పోలేదు. మూడో రెక్క దగ్గరికి లాక్కుని, "సాల్మన్" మీద బ్రష్షు అడ్డంగా లాగాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాళ్ల కింద కుర్చీ ఊగుతోంది. మగవాళ్ల వైపునుంచి మా ఆయన లేచి వస్తున్నాడు. దిగమంటాడు, చాల్లే హెలెనూ అంటాడు, అంటే మాత్రం ఈ డబ్బా నెత్తిన కుమ్మరిస్తాను అనుకున్నాను.

ఆయన వచ్చి వంగి, కుర్చీ కాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నేను పెద్ద అక్షరాలతో "మార్క్" అని రాశాను.

దిగి, నల్లరంగు చేతులతోనే కుర్చీ జరిపి, రెండో ఫ్యాను కిందికి తెచ్చాను.

"బావగారూ, మీరు స్విచ్చు దగ్గరే ఉన్నారుగా. ఇదీ ఆపండి" అన్నాను.